చిన్న సాగు వదిలి ఇంట్లోనే జిమ్ పెట్టాలంటే: ఏది ముందు, ఏది తర్వాత?

కొద్దిపాటి పొలం ఉంది, దాని మీద ఇల్లు గడవడం కష్టమవుతోంది, ఇంటి దగ్గరే చిన్న జిమ్ పెట్టుకుంటే నడుస్తుందా అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "ఏ మెషిన్లు కొనాలి?" అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ముందుగా తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మీరు ఎక్కడుంటారు?

జిమ్‌కు జనం వచ్చేది ఆ రెండు పూటలే. ఉద్యోగానికో, బడికో, కూలికో వెళ్లే ముందు వస్తారు, లేదా తిరిగొచ్చాక వస్తారు. పాలు పితకడం, మేత వేయడం, నీళ్లు కట్టడం కూడా ఆ రెండు పూటల్లోనే ఉంటాయి. కాబట్టి ఈ మార్పులో మీరు అసలు మార్చుకునేది పనిని మాత్రమే కాదు, రోజులోని గంటల్ని. ఆ గంటలు ఖాళీ చేసుకోకుండా ఎంత మంచి సామాను కొన్నా అది మూలన పడుతుంది. కింద రాసిన వరుస అంతా దీన్ని బట్టే పెట్టాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- గడిచిన మూడేళ్ల సాగు లెక్క. నోటి లెక్క కాదు, కాగితం మీద రాసింది.
- కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు. విత్తనాలకు, అప్పు కిస్తీలకు దాచింది ఇందులో కలపకండి.
- చదునైన నేల, గాలి, వెలుతురు ఉన్న గది లేదా షెడ్డు. 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉంటే మొదలుపెట్టడానికి చాలు.
- శిక్షకుడిగా ఒక గుర్తింపు ఉన్న సర్టిఫికెట్, ప్రథమ చికిత్స, సీపీఆర్ (గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతి) శిక్షణ.
- ఇంట్లోవాళ్ల ఒప్పుకోలు. ఇది మాట వరసకు రాయడం లేదు. రోజూ పరాయివాళ్లు మీ వాకిట్లోకి వస్తారు, మీ బాత్‌రూమ్ వాడతారు, సంగీతం, బరువుల చప్పుడు ఉంటాయి. ఇంట్లో ఒక్కరికి ఇబ్బంది ఉన్నా రెండో నెలకే గొడవ మొదలవుతుంది.

1. సాగు నిజంగా ఎంత ఇస్తోందో లెక్క తేల్చండి

బాగా పండిన సంవత్సరాన్ని గుర్తుపెట్టుకుని లెక్కేస్తే తప్పు వస్తుంది, పంట పోయిన సంవత్సరాన్ని పట్టుకున్నా అంతే. మూడేళ్ల రాబడి కలిపి, ఖర్చులు తీసి, 36తో భాగించండి. అది మీ నెల ఆదాయం.

ఇక్కడ చాలామంది ఒక ముఖ్యమైన విషయం వదిలేస్తారు: పొలం నుంచి డబ్బు కాకుండా ఇంటికి వచ్చేది. తిండిగింజలు, కూరలు, పాలు, గుడ్లు, వంటచెరకు, ఎరువు. సాగు ఆపిన మర్నాటి నుంచి ఇవన్నీ కొనాలి. వాటి బజారు ధర కూడా పొలం ఆదాయంలో కలపండి. ఇది కలిపాక "పొలంలో ఏమీ మిగలట్లేదు" అన్న మాట కొందరి విషయంలో నిజమే అవుతుంది, కొందరి విషయంలో కాదు. మీది ఏదో ముందే తెలియాలి.

రెండో తేడా డబ్బు వచ్చే తీరులో ఉంది. పంట డబ్బు కోత తర్వాత ఒక్కసారిగా వస్తుంది. జిమ్ డబ్బు నెలనెలా చిన్నచిన్నగా వస్తుంది. పెద్ద మొత్తం చేతికి వచ్చినప్పుడే అప్పు తీర్చే అలవాటు ఉన్నవాళ్లు కిస్తీల తేదీలు నెలవారీగా మార్పించుకోవాలి. పంట పేరు మీద తీసుకున్న రుణంతో డంబెల్స్ కొనకండి. ఆ రుణానికి షరతులు వేరే ఉంటాయి, గడువు కూడా పంట కాలానికి కట్టి ఉంటుంది.

2. సాగును ఏ వరుసలో తగ్గించాలి

ఒకేసారి అన్నీ అమ్మేయకండి. జిమ్ గంటలకు అడ్డొచ్చే పనిని ముందు తగ్గించండి, అడ్డురానిది ఉంచండి.

ముందుగా పాడి, కోళ్లు లాంటివి. వీటికి సెలవు లేదు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా మనిషి ఉండాల్సిందే. ఇంట్లో ఇంకొకరు పూర్తిగా చూసుకునేలా ఉంటే ఉంచుకోవచ్చు. మీరే చూడాలంటే మాత్రం జిమ్, పాడి రెండూ కలిసి నడవవు.

తర్వాత రోజూ నీళ్లు, కోత అడిగే కూరగాయల మడులు. ఇంటికి సరిపడా ఒక చిన్న మడి ఉంచి మిగతాది ఆపండి.

ఏడాదికి కొన్ని వారాలు మాత్రమే పని అడిగే పంటలు, పండ్ల చెట్లు, కలప చెట్లు చివరిదాకా ఉంచండి. చెట్లు నరికితే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నిర్ణయం తొందరలో తీసుకునేది కాదు.

పొలం అమ్మకం మొదటి రెండేళ్లు ఆలోచనలోకే రానివ్వకండి. కౌలుకు ఇవ్వండి, అదీ ఒక ఏడాదికో రెండేళ్లకో, కాగితం మీద రాసుకుని. హద్దులు, నీటి వాటా, చెట్ల మీద హక్కు, గడువు అయ్యాక నేల ఏ స్థితిలో అప్పగించాలి అన్నవి అందులో ఉండాలి. కౌలు చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి సంతకానికి ముందు స్థానికంగా తెలిసిన వకీలుకు చూపించండి.

పనిముట్లలో పెద్దవి, వాడకుండా ఉంటే పాడయ్యేవి ఒక పంట కాలం గడిచాక అమ్మండి. అప్పటికి జిమ్ నడుస్తుందో లేదో కొంత తెలుస్తుంది. పార, గునపం, చక్రాల బండి, తాళ్లు ఎలాగూ ఇంటికి కావాలి.

3. అనుమతులు, ఇన్సూరెన్స్

మూడు చోట్ల అడగండి. స్థానిక పాలక సంస్థ దగ్గర: ఇంట్లో లేదా సాగు కోసం కట్టిన షెడ్డులో వ్యాపారం నడపడానికి అనుమతి కావాలా? కరెంటు ఆఫీసులో: సాగు పేరు మీద రాయితీ కనెక్షన్ ఉంటే దాన్ని జిమ్‌కు వాడకండి, వేరే కనెక్షన్ తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర: మామూలు ఇంటి పాలసీ సాధారణంగా వ్యాపారం కోసం వచ్చేవాళ్లకు తగిలే దెబ్బలకు వర్తించదు, కాబట్టి మూడో వ్యక్తికి జరిగే గాయాలకు విడిగా కవరేజీ అడగండి. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.

4. చోటు: షెడ్డును జిమ్ చేసే ముందు

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. ఇంటి గదికి పెద్ద ప్రమాదాలు ఉండవు. సాగు షెడ్డుకు ఉంటాయి. అక్కడ ఇన్నాళ్లూ ఏం పెట్టారో, ఇప్పుడు అక్కడే మనుషులు నేల మీద పడుకుని గట్టిగా ఊపిరి పీల్చబోతున్నారు.

*పురుగుమందులు నిల్వ చేసిన, కలిపిన గది వద్దు.* సిమెంటు నేల మందును పీల్చుకుంటుంది. కడిగినా, పైన రంగు వేసినా పూర్తిగా పోయిందని చెప్పలేం. వేరే గది చూసుకోండి. మిగిలిన మందులను కాలువలో, చెరువులో పారబోయకండి. స్థానిక వ్యవసాయ శాఖ చెప్పిన పద్ధతిలో అప్పగించండి.

*ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు.* వీటికి తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. అది ప్రాణాలు తీస్తుంది. మిగిలిన బిళ్లల మీద, వాటి పొడి మీద నీళ్లు పోసి కడగకండి. జిమ్ పక్క గదిలో ధాన్యం నిల్వ ఉండి అందులో ఈ బిళ్లలు వాడుతుంటే అక్కడ జిమ్ పెట్టకండి. తలుపు మూస్తే సరిపోతుందనుకోవద్దు, సందుల్లోంచి గ్యాస్ వస్తుంది.

*ఎలుక పెంటికలు.* పొడిగా ఉన్నప్పుడు చీపురుతో ఊడవకండి. ఆ దుమ్ము ఊపిరిలోకి పోతే హాంటా వైరస్ లాంటి జబ్బులు రావచ్చు. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటే ఉండండి. చేతులకు తొడుగులు వేసుకుని, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు (బట్టలు తెల్లబరిచే క్లోరిన్ ద్రవం, పొడి కాదు) తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికలు బాగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగి, కాగితంతోనో పాత గుడ్డతోనో తుడిచి పారేయండి.

హెచ్చరిక: పశువుల మూత్రం వాసన ఇంకా ఉన్న చోట బ్లీచ్ వాడకండి. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే విషవాయువులు వస్తాయి. అక్కడ వేరే క్రిమిసంహారిణి తీసుకోండి. బ్లీచ్‌ను యాసిడ్‌తో కూడా ఎప్పుడూ కలపకండి.

*పాత సిమెంటు రేకులు.* వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పుల్‌అప్ బార్ కోసమో, ఫ్యాన్ కోసమో వాటికి రంధ్రాలు వేయకండి, కోయకండి, విరగ్గొట్టకండి. చెక్కు చెదరకుండా ఉన్న రేకుకన్నా పగిలిన రేకు, దాని దుమ్ము ఎక్కువ ప్రమాదం.

*ఇంజన్లు.* జనరేటర్, డీజిల్ పంపు, ట్రాక్టర్ జిమ్ తలుపు దగ్గర నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. లోపల ఉన్నవాళ్లకు తలనొప్పి, తల తిరగడం మొదలయ్యే దాకా తెలియదు.

ఇక నేల. పశువుల కొట్టంలో నేలను నీళ్లు పారేలా వాలుగా పోస్తారు. కంటికి అది తెలియదు. ఒక బంతి తెచ్చి నాలుగైదు చోట్ల నేల మీద వదలండి. ఎటు వదిలినా ఒకే వైపుకు దొర్లితే అక్కడ వాలు ఉన్నట్టే. వాలు నేల మీద స్క్వాట్ (గొంతుకు కూర్చున్నట్టు కిందికి దిగి లేవడం) చేస్తే ప్రతిసారీ ఒక కాలి మీదే ఎక్కువ భారం పడుతుంది. దాన్ని చదును చేయించండి. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే బరువులు ఎత్తే చోట మాత్రం దళసరి ప్లైవుడ్‌తో మట్టం చూసి ఒక వేదిక వేయించండి.

మిద్దె మీద గది అయితే ఆగండి. ఇళ్ల పై అంతస్తులను సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల భారానికి లెక్కేసి కడతారు. బరువు నిలకడగా ఉండడం వేరు, పైనుంచి దబ్బున పడడం వేరు. అక్కడ బ్యాండ్లు (సాగే రబ్బరు పట్టీలు), మ్యాట్లు, తేలికపాటి డంబెల్స్‌తో ఆగిపోండి. బార్‌బెల్ (రెండు చివరలా బరువు ప్లేట్లు వేసే పొడవాటి ఇనుప కడ్డీ) నేల అంతస్తులోనే.

పైకప్పు ఎత్తు చూడాలంటే, వచ్చేవాళ్లలో అందరికన్నా పొడుగు మనిషి చేయి పైకి చాచినప్పుడు వేళ్లు అందే ఎత్తుకు 35 సెం.మీ. కలపండి. 170 సెం.మీ. మనిషికి అది దాదాపు 2.5 మీటర్లు అవుతుంది. ఫ్యాన్ ఉంటే రెక్కల కింది నుంచి కొలవాలి, కప్పు నుంచి కాదు. ఎత్తు చాలకపోతే గోడకు బిగించే ఫ్యాన్ పెట్టి, తలపైకి ఎత్తే వ్యాయామాలు కూర్చుని చేయించండి.

5. నేర్చుకోండి, పొలం బలం ఉన్నా సరే

పొలం పని చేసినవాళ్లకు ఓపిక, పట్టు, బరువు మోసే అలవాటు ఉంటాయి. ఇది నిజమైన ఆస్తి. కానీ బరువు ఎత్తగలగడం ఒక పని, ఎత్తేవాళ్ల నడుము ఎక్కడ వంగుతోందో చూసి ఆపగలగడం ఇంకో పని. రెండోది నేర్చుకుంటేనే వస్తుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు రెండు అడగండి. చేతలతో పరీక్ష ఉంటుందా, లేక ఆన్‌లైన్‌లో టిక్కులు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేస్తారా? సీపీఆర్ తప్పనిసరా? చేతలతో పరీక్ష లేని కోర్సు మీద డబ్బు పెట్టకండి. సీపీఆర్‌లో పెద్దవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెం.మీ. లోతుకు ఛాతీ నొక్కాలి. ఇది చదివితే వచ్చేది కాదు, బొమ్మ మీద చేసి చేతులకు అలవాటు చేసుకోవాలి.

మీ ఒంటి సంగతి కూడా చూసుకోండి. ఏళ్ల తరబడి వంగి చేసిన పనివల్ల నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి చాలామంది రైతులకు ఉంటాయి. ఒకే భుజం మీద మోయడంవల్ల రెండు వైపుల బలంలో తేడా కూడా ఉంటుంది. ముందు మీరు సరిచేసుకుంటే రేపు మీ దగ్గరికి అదే నొప్పితో వచ్చేవాళ్లకు ఎలా చెప్పాలో తెలుస్తుంది. ఇంకొకటి: పొలం పని ఆగినంత మాత్రాన ఆకలి వెంటనే తగ్గదు. మొదటి కొన్ని నెలలు తిండి మీద కన్నేసి ఉంచండి.

6. ఏమీ కొనకముందే ట్రయల్ బ్యాచ్ నడపండి

నలుగురైదుగురిని పిలవండి. చుట్టాలు ఒకరిద్దరు ఉండొచ్చు కానీ అందరూ చుట్టాలే అయితే నిజం చెప్పరు. ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు. ఫీజు తక్కువ పెట్టండి, కానీ ఉచితం వద్దు. ఉచితమైతే ఎవరు నిజంగా వస్తారో తెలియదు.

చేరేరోజే ఆరోగ్య ప్రశ్నల కాగితం నింపించండి. పార్-క్యూ ప్లస్ అనే ప్రశ్నావళి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. దాని మొదటి పేజీలో ఏడు ప్రశ్నలు ఉంటాయి: గుండె జబ్బు లేదా అధిక రక్తపోటు, ఛాతీ నొప్పి, తల తిరిగి పడడం, ఇతర దీర్ఘకాలిక జబ్బులు, మందులు, ఎముకలు, కీళ్ల సమస్యలు, డాక్టర్ పర్యవేక్షణ అవసరమా అన్నవి. ఒక్కదానికి "అవును" అన్నా లోపలి పేజీల్లోని ప్రశ్నలు కూడా అడగాలి, అవసరమైతే డాక్టర్ మాట తీసుకున్నాకే మొదలుపెట్టాలి. "ఏం కాదులే" అని వదిలేయకండి.

మీ దగ్గరికి వచ్చేవాళ్లు కూడా సాగుదారులే అయితే, ట్రయల్‌ను పని తక్కువగా ఉండే రోజుల్లో మాత్రమే నడిపి సంబరపడకండి. నాట్ల వేళ, కోతల వేళ వాళ్లలో ఎంతమంది వస్తారో కూడా చూడాలి. ఆ వారాల్లో రాకపోవడం మామూలే. దానికి తగ్గట్టు ఫీజు, టైమింగ్ ముందే ఆలోచించుకోండి.

7. ఇప్పుడు సామాను

మొదటి కొనుగోలు ఇంతే: మనిషికో మ్యాట్, మూడు రకాల బిగువున్న రెసిస్టెన్స్ బ్యాండ్లు, 8, 12, 16 కిలోల కెటిల్‌బెల్స్ (పైన పిడి ఉన్న ఇనుప గుండ్లు), 2 నుంచి 10 కిలోల వరకు డంబెల్ జతలు, 15 నుంచి 20 సెం.మీ. ఎత్తున్న కదలని మెట్టు, ఒక గోడ గడియారం. బరువులు పెట్టే చోట రబ్బర్ మ్యాట్లు. డంబెల్స్‌కు 8–10 మి.మీ. మందం చాలు, బార్‌బెల్ పెట్టేటట్టయితే 20 మి.మీ. దగ్గర ఉండాలి. కొత్త రబ్బరుకు ఘాటైన వాసన ఉంటుంది, కొన్ని రోజులు ఆరుబయట పరిచి ఉంచాక లోపల వేయండి.

పొలంలోంచి వచ్చేవి కూడా బాగా పనికొస్తాయి. పది లీటర్ల నీళ్ల బకెట్ అంటే పది కిలోలు. రెండు చేతుల్లో రెండు బకెట్లతో నిటారుగా నడిపించడం పట్టుకు, నడుముకు చాలా మంచి వ్యాయామం. ఇసుక సంచి చేసుకోవచ్చు, కానీ ఎరువుల, మందుల సంచులు వాడకండి. లోపల గట్టి ప్లాస్టిక్ కవర్, బయట గోనె సంచి, మూతి రెండుసార్లు బిగించాలి. ట్రాక్టర్ టైరు తిరగేయడం చూడడానికి బాగుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లతో మాత్రం చేయించకండి, వెన్ను గుండ్రంగా వంగుతుంది. పాత దూలానికి తాడు కట్టి మనిషిని వేలాడదీయకండి. చెదలు లోపల తిని ఉంటే పైకి కనిపించదు.

బార్‌బెల్ కావాలంటే ఆరు నెలలయ్యాక. పెద్ద బార్ ఒక్కటే 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. ప్లేట్లు మార్చడానికి రెండు పక్కలా కనీసం 60 సెం.మీ. చొప్పున వదిలితే 3.4 మీటర్లు ఒక్క మనిషికే పోతుంది. ట్రెడ్‌మిల్ గురించి అందరూ అడుగుతారు. చిన్న చోటుకు, చిన్న పెట్టుబడికి అది తగదని నా అభిప్రాయం. ఒక్కరికే పనికొస్తుంది, మరమ్మతు అడుగుతుంది, బయట నడిచే దారి ఎలాగూ ఉంటుంది.

8. క్లాసు ఎలా నడపాలి

గంట క్లాసులో పది నిమిషాలు వార్మప్, 35 నుంచి 40 నిమిషాలు అసలు పని, మిగతాది నెమ్మదించడానికి. అసలు పనిలో ఐదు కదలికలు ఉంటే చాలు: కూర్చుని లేవడం, తుంటి దగ్గర వంగి ఎత్తడం, నెట్టడం, లాగడం, మోయడం. వయసు, బలం ఏదైనా ఈ ఐదింటిలో ప్రతి ఒక్కరికీ సరిపోయే రకం ఉంటుంది. పుషప్ రానివాళ్లు గోడకు చేతులు ఆనించి చేస్తారు, స్క్వాట్ రానివాళ్లు కుర్చీ మీద కూర్చుని లేస్తారు.

మొదటి నెల ఒక్కో కదలిక రెండు సెట్లు (ఆపకుండా వరుసగా చేసే విడతలు), సెట్‌కు 8 నుంచి 12 సార్లు. ఆపేసరికి "ఇంకా రెండు మూడు చేయగలను" అనిపించాలి. వరుసగా రెండు క్లాసుల్లో 12 కన్నా ఎక్కువ సరిగ్గా చేయగలిగితే బరువు 2 నుంచి 10 శాతం పెంచండి. నడక, జాగింగ్ లాంటి వాటిలో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థ తీవ్రత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం కావాలి. మీ టైంటేబుల్ ఆ లెక్కకు ఎంత సాయపడుతోందో చూసుకోండి, మిగతాది నడకతో పూర్తి చేయమని చెప్పండి.

వెంటనే ఆపాల్సిన సంకేతాలు: ఛాతీలో నొప్పి లేదా బిగుతు, తల తిరగడం, మాట తడబడడం, ఊపిరి అందకపోవడం. ఆపి వైద్య సాయం పిలవండి. వ్యాయామం అయిన ఒకటి రెండు రోజులకు కండరాలు విపరీతంగా నొప్పి, వాపు ఉండి మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. కండరాలు చితికి కిడ్నీల మీద పడిందనడానికి అది గుర్తు కావచ్చు. మామూలు కండరాల నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజులు ఉండి తగ్గుతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

రేకుల షెడ్డు అయితే ఎండాకాలం ఒళ్లు వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో సెట్లు తగ్గించండి, నీళ్లు అందుబాటులో ఉంచండి, మధ్యాహ్నం బ్యాచ్ పెట్టకండి.

9. ఫీజు

అంకెలతో చూపిస్తాను. ఇవి అసలు ధరలు కావు, లెక్క అర్థం కావడానికి పెట్టినవి. ఇంటికి నెలకు 100 కావాలి అనుకోండి. కరెంటు, ఇన్సూరెన్స్, మరమ్మతులకు 25. అరిగిన సామాను మార్చడానికి పక్కన పెట్టేది 15. మొత్తం 140. బ్యాచ్‌కు నలుగురు, రోజుకు నాలుగు బ్యాచ్‌లు అంటే 16 మంది పడతారు. 140ని 16తో భాగిస్తే ఒక్కొక్కరికి 9 లోపే వస్తుంది. చూడడానికి చవక, నడపడానికి నష్టం. ఎందుకంటే అన్ని చోట్లూ ఎప్పుడూ నిండవు. 60 శాతం నిండితే పది మంది. అప్పుడు ఫీజు 14 కావాలి. మీ చుట్టుపక్కల 14 ఇవ్వగలిగినవాళ్లు లేకపోతే ఇప్పుడే తెలియడం మంచిది. అలాంటప్పుడు పొలంలో కొంత భాగం ఉంచుకుని, జిమ్‌ను సగం ఆదాయంగా చూసుకోవాలి.

తరచూ జరిగే పొరపాట్లు

*తన వేగంతో చేయించడం.* రోజంతా గునపం పట్టిన మనిషికి తేలిక అనిపించేది కుర్చీలో పనిచేసే మనిషిని మూడు రోజులు మంచం పట్టిస్తుంది. అతను మళ్లీ రాడు. పైగా ఇంకో నలుగురికి చెబుతాడు. మొదటి క్లాసు "ఇంతేనా?" అనిపించేలా ఉండాలి.

*పంట డబ్బు రాగానే మొత్తం సామాను మీద పెట్టడం.* సామాను కొంటే వెనక్కి రాదు, వాడిన మెషిన్‌కు ధర సగం కూడా పలకదు.

*గదిలో కుక్కేయడం.* ఒక మ్యాట్ మీద పడుకుని రెండు చేతులు చాచినప్పుడు పక్కవాళ్ల చేయి తగలకూడదు. తగిలితే బ్యాచ్‌లో మనుషులు ఎక్కువైనట్టే.

*అప్పుగా చేర్చుకోవడం.* తెలిసినవాళ్లే కదా, పంట వచ్చాక ఇస్తారులే అని ముగ్గురు నలుగుర్ని ఉంచుకుంటే నెల తిరిగేసరికి కరెంటు బిల్లు మీ జేబులోంచి పోతుంది. ఇవ్వలేనివాళ్లకు సాయం చేయాలనిపిస్తే శుభ్రం చేయడం, మ్యాట్లు సర్దడం లాంటి పనికి బదులుగా ఫీజు తగ్గించండి. అది కూడా ముందే మాట్లాడుకోండి.

*వైద్యం చెప్పడం.* నొప్పికి మందు, షుగర్‌కు డైట్, రక్తపోటు మాత్రలు ఆపమనడం శిక్షకుడి పని కాదు.

సరిగ్గా నడుస్తోందో ఎలా తెలుసుకోవాలి

రెండు రకాలుగా చూడండి. మొదటిది వచ్చినవాళ్ల ఒంట్లో మార్పు. బరువు తూచే మిషన్ ఒక్కటే చాలదు. చేరిన రోజు, తర్వాత ఎనిమిది వారాలకోసారి ఇవి రాయండి: దాదాపు 43 సెం.మీ. ఎత్తున్న కుర్చీలోంచి చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలిగారు, ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలిచారు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారు. 60–64 ఏళ్ల మగవాళ్లు 14 సార్లకన్నా, ఆడవాళ్లు 12 సార్లకన్నా తక్కువ లేస్తే కాళ్ల బలం సగటుకన్నా తక్కువని లెక్క. వాళ్లకు బరువులకన్నా ముందు లేచి కూర్చోవడం, నిలకడ మీద పనిచేయించండి. ఎనిమిది వారాల్లో ఏ అంకె కదలకపోతే ముందు హాజరు చూడండి. వారానికి రెండుసార్లు కూడా రానివాళ్ల అంకెలు మీ పద్ధతి మీద తీర్పు కాదు. హాజరు బాగుండి కూడా మార్పు లేకపోతే మీరు బరువు పెంచడం మర్చిపోతున్నారేమో చూసుకోండి.

రెండోది డబ్బు. నెలకోసారి మూడు అంకెలు రాయండి: ఈ నెల ఫీజు కట్టినవాళ్లెంతమంది, మూడు నెలల కింద చేరినవాళ్లలో ఇంకా వస్తున్నదెంతమంది, ఖర్చులు పోను ఇంటికి చేరిందెంత. కొత్తవాళ్లు బాగా చేరుతూ పాతవాళ్లు జారిపోతుంటే మరింత ప్రచారం చేయకండి. మానేసినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. టైమింగ్ కుదరలేదు, నొప్పి వచ్చింది, మిగతావాళ్ల ముందు సిగ్గేసింది అనే మూడు జవాబులు ఎక్కువగా వస్తాయి. మూడింటికీ మీ చేతిలో మందు ఉంది: బ్యాచ్ వేళ మార్చడం, బరువు తగ్గించడం, ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు విడి బ్యాచ్ పెట్టడం.

ఒక పూర్తి సాగు సంవత్సరం గడిచాక, నాట్లు, కోతల నెలలతో సహా, ఇంటికి చేరిన సొమ్ము మొదటి మెట్టులో తేల్చిన నెల ఆదాయానికి సమానంగా వస్తుంటే అప్పుడు కౌలు గడువు పొడిగించండి, మిగిలిన పెద్ద పనిముట్లు అమ్మండి. సగం దగ్గర ఆగితే ఒక పూట బ్యాచ్‌లు మాత్రమే ఉంచి, రెండో పూట తక్కువ పని అడిగే పంటకు వెళ్లండి. సగం కూడా రాకపోతే షెడ్డు మూసి, చేతిలో ఉన్న సర్టిఫికెట్‌తో వయసు పైబడినవాళ్ల ఇళ్లకే వెళ్లి నేర్పే పని మొదలుపెట్టండి. దానికి రెండు బ్యాండ్లు, ఒక కుర్చీ చాలు. కౌలు గడువు ముగియగానే పొలం ఎలాగూ తిరిగి మీ చేతికి వస్తుంది.